జారిన కట్లు, ‘మొండి పాదం’ అన్న పేరు: ఒక క్లబ్‌ఫుట్ కేసు

మూడున్నర నెలల మగబిడ్డ. పుట్టుకతోనే కుడి పాదం లోపలికీ కిందికీ వంకర తిరిగి ఉంది, అంటే క్లబ్‌ఫుట్. వేరేచోట తొమ్మిది పిండికట్లు వేశాక ‘ఇది కట్లకు లొంగే పాదం కాదు, తొమ్మిది నెలలు నిండాక పెద్ద ఆపరేషన్ చేయాలి’ అని చెప్పారు. అది నిజమేనా అని అడగడానికి తల్లిదండ్రులు బిడ్డను తీసుకొచ్చారు.

మొండి పాదం అని పేరుపడినవాటిలో కొన్ని పుట్టుకతోనే గట్టివి, కొన్ని కట్టు వేసిన తీరు వల్ల అలా తయారైనవి. ఈ తేడా తేల్చుకోకుండా కత్తి పడితే ఆ నష్టం బిడ్డకు జీవితాంతం మిగులుతుంది. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం అదే. కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలు తీసేశాం.

నేపథ్యం

తొలి సంతానం, నెలలు నిండి పుట్టాడు. కుటుంబంలో ఇంకెవరికీ ఈ సమస్య లేదు. అందులో వింత లేదు. క్లబ్‌ఫుట్‌తో పుట్టే బిడ్డల్లో ఎక్కువమందికి కుటుంబ చరిత్ర ఉండదు. సుమారు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డకు ఇది ఉంటుంది. మగపిల్లల్లో రెట్టింపు కనిపిస్తుంది, దాదాపు సగం మందికి రెండు పాదాలకూ ఉంటుంది. గర్భంలో తల్లి చేసిన పని, తిన్న తిండి, పడుకున్న తీరు దీనికి కారణం కావు. ఈ తల్లికి ఆ మాట మొదటి రోజే చెప్పాల్సి వచ్చింది. తన వల్లే ఇలా అయిందన్న దిగులుతో ఉన్నవాళ్లకు మనం చెప్పే తక్కిన సూచనలు చెవికెక్కవు.

పదో రోజున కట్లు మొదలయ్యాయి. మొదటి నాలుగూ మోకాలి కిందివరకే, తర్వాతివి తొడదాకా. వాటిలో కనీసం నాలుగు జారాయి. వేళ్లు కట్టులోకి వెళ్లిపోయి కనిపించకుండా పోతే, ‘తర్వాతి వారం రమ్మన్నారు కదా’ అని ఇంట్లో ఆగారు. కట్టు జారితే అదే రోజు తీసేయాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వచ్చేనాటికి పాదం

ముందుగా నడుము, తుంటి, చేతులు చూశాం. వీపు దిగువన గుంట గానీ వెంట్రుకల కుచ్చు గానీ ఉంటే వెన్నుపూస సమస్య ఉందేమో చూడాలి. మిగతా కీళ్లు కూడా బిగుసుకుని ఉంటే అది వేరే జబ్బులో భాగమయ్యే క్లబ్‌ఫుట్, దాని దారి వేరు. ఈ బిడ్డలో అలాంటివేవీ లేవు. ఎక్స్‌రే తీయలేదు. ఈ వయసులో పాదం ఎముకల్లో చాలాభాగం ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది. చేత్తో తెలిసేదానికంటే ఎక్కువ అందులో కనిపించదు.

వంకర తీవ్రతను కొలిచే పిరానీ స్కోరు 6కి 5.5 వచ్చింది; అంకె పెరిగేకొద్దీ వంకర ఎక్కువ. ఇందులో పాదం మధ్యభాగానికి మూడు గుర్తులు, మడమ భాగానికి మూడు. ఒక్కోదానికి 0, 0.5 లేదా 1. కానీ అంతకంటే ముఖ్యమైన సంగతి స్కోరులో లేదు. పాదం పొట్టిగా, ఉబ్బి, ఎర్రగా ఉంది. అరికాలిలో ఒక అంచు నుంచి రెండో అంచుదాకా లోతైన మడత. బొటనవేలు కురచబడి పైకి లేచింది. ఒక్క బొటనవేలి వెనకున్న మెటాటార్సల్ ఎముకే కాదు, ఐదూ కిందికి వాలి ఉన్నాయి. మడమ బాగా పైకి లాగుకుపోయింది. ఈ గుర్తులన్నీ కలిస్తే కాంప్లెక్స్ క్లబ్‌ఫుట్ అంటాం.

ఇలాంటి పాదంతోనే పుట్టే బిడ్డలు కొద్దిమంది ఉంటారు. ఇతను అలా పుట్టాడా, తర్వాత ఇలా అయ్యాడా? జవాబు తల్లి ఫోన్లో దొరికింది. పుట్టిన రెండో రోజు తీసిన ఫొటోల్లో పాదం లోపలికి తిరిగి ఉంది కానీ పొడవుగానే ఉంది. బొటనవేలు మిగతావాటితో సమంగా ఉంది, అరికాలికి అడ్డంగా మడత లేదు. మామూలు క్లబ్‌ఫుట్. మూడో కట్టు తర్వాతి ఫొటోలో వాపు, అయిదో కట్టు తర్వాత మడత కనిపిస్తున్నాయి.

కట్లు ఎందుకు పనిచేయలేదు

క్లబ్‌ఫుట్‌లో నాలుగు వంకరలు కలిసి ఉంటాయి: అరికాలి వంపు లోతుగా ఉండటం, ముందుపాదం లోపలికి తిరగడం, మడమ లోపలికి ఒరగడం, పాదం మొత్తం కిందికి వాలడం. అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఇగ్నాసియో పోన్సెటి 1940ల చివర మొదలుపెట్టి, 1963లో ఫలితాలు ప్రచురించిన పద్ధతి ఈ నాలుగింటినీ విడివిడిగా నెట్టదు. చీలమండలో ఇరుక్కుని ఉండే టాలస్ ఎముక కదలదు. తిరగలి మేకు చుట్టూ పై రాయి తిరిగినట్టు, పాదమంతా టాలస్ కింద బయటికి తిరగాలి. మన బొటనవేలు నొక్కిపట్టాల్సింది పాదం వెలుపలివైపు చేతికి తగిలే టాలస్ తలను. అక్కడ ఆనిక ఇచ్చి ముందుపాదాన్ని బయటికి తిప్పితే మడమ ఎముక తనంతట తానే సరైన చోటికి వస్తుంది. అందుకే మడమను చేత్తో పట్టుకోకూడదు. పట్టుకుంటే అది తిరగలేదు.

అంతకు ముందు చాలాకాలం వాడుకలో ఉన్న డాక్టర్ కైట్ పద్ధతిలో ఆనిక ఇంకా ముందుకు, మడమ ఎముకా దాని ముందుండే క్యూబాయిడ్ ఎముకా కలిసే కీలు మీద పడేది. ఆ ఒత్తిడి మడమ ఎముక తిరగడానికే అడ్డం. నెలల తరబడి కట్లు వేసినా వంకర పూర్తిగా పోకపోవడానికి కారణం ఇదేనని పోన్సెటి వివరించారు. ఈ బిడ్డ పాదం మీద ఒరిపిడి మచ్చ సరిగ్గా ఆ కీలు దగ్గరే ఉంది.

రెండో కారణం మోకాలి కిందే ఆగిన కట్లు. పసిపిల్లల పిక్క సొరకాయలా పైన సన్నమై ఉండదు, గుండ్రంగా నున్నగా ఉంటుంది. దానిమీద పొట్టి కట్టు నిలవదు. పైగా పాదాన్ని బయటికి తిప్పి నిలబెట్టాలంటే మోకాలు వంచి తొడదాకా కట్టాలి, లేకపోతే కాలు కట్టులోనే తిరుగుతుంది. కట్టు జారాక మడమ పైకి పోతుంది, వేళ్లు ముందున్న పిండికి గుద్దుకుంటాయి. ఆ స్థితిలో వారం గడిస్తే పాదం తన మీదికి తానే మడతపడుతుంది. ఉబ్బిన ఆ పాదం మీద మళ్లీ కట్టు, వాపు తగ్గగానే వదులై మళ్లీ జారడం. ఇలా కట్టుకొకసారి పాదం పొట్టిదవుతూ వచ్చింది.

మొదటి నిర్ణయం: ఏమీ వేయకపోవడం

వచ్చిన రోజే కొత్త కట్టు వేస్తామని తల్లిదండ్రులు ఆశించారు. ఇప్పటికే ఆలస్యమైందన్న భయం వాళ్లది. కానీ వాపు మీద వేసే కట్టు నాలుగు రోజుల్లో వదులవుతుంది. చీలమండ ముందు చర్మం చిట్లి ఉంది కూడా. అందుకని రెండు వారాలు పాదాన్ని వదిలేశాం. సాగదీయడాలు లేవు, నూనె మర్దన లేదు, ప్రత్యేకమైన చెప్పులు లేవు. శుభ్రంగా కడిగి పొడిగా ఉంచడమే.

ఈ వయసులో పాదం కణజాలానికి సాగే గుణం బాగా ఉంటుంది. రెండు వారాల విరామంతో అది పోదు. దెబ్బతిన్న చర్మం మీద వేసిన కట్టు మధ్యలో తీయాల్సి వస్తే పోయేది అంతకంటే ఎక్కువ. రెండో వారం చివరికి వాపు పోయి పాదం పైభాగంలో చర్మం ముడతలు పడటం మొదలైంది. కట్టుకు సిద్ధమైందనడానికి మేం చూసే గుర్తు అది.

ఆపరేషన్ మాట

ఈ రెండు వారాల్లోనే తల్లి సూటిగా అడిగారు: “ఒక్కసారి ఆపరేషన్ చేయిస్తే అయిపోతుంది కదా డాక్టర్ గారూ, ఇన్ని కట్లెందుకు?”

అడగాల్సిన ప్రశ్నే. వాళ్లకు సూచించిన ఆపరేషన్‌లో పాదం లోపలివైపు, వెనకవైపు కీళ్ల పొరలన్నీ విప్పి, కండరాలను ఎముకలకు కలిపే టెండన్లను పొడిగిస్తారు. బల్ల మీద పాదం నిటారుగా కనిపిస్తుంది. కానీ విప్పిన ప్రతి కీలు చుట్టూ మచ్చ కణజాలం పేరుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ బిగుసుకోవడం, నొప్పి, కండరాల బలహీనత, కొందరికి మళ్లీ ఆపరేషన్. మరోవైపు, పోన్సెటి పద్ధతిలో సరిచేసిన పాదాలను సుమారు 30 ఏళ్ల తర్వాత పరీక్షించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో 78 శాతం మందికి పాదాలు బాగా పనిచేస్తున్నట్టు తేలింది. ఆపరేషన్‌తో పని అయిపోతుందన్నదీ నిజం కాదు. దాని తర్వాత కూడా వంకర తిరగబెట్టవచ్చు.

పెద్ద ఆపరేషన్‌కు చోటే లేదని మేం చెప్పలేదు. సరిగ్గా వేసిన కట్లకు కూడా లొంగకపోతే అప్పుడు ఆలోచించాలి. ఈ పాదానికి సరైన కట్టు ఇంకా ఒక్కటీ పడలేదు.

కట్లు, రెండో విడత

మామూలు క్లబ్‌ఫుట్‌లో మొదటి కట్టుతో బొటనవేలి మెటాటార్సల్‌ను పైకెత్తి అరికాలి వంపు సరిచేస్తాం. తర్వాత వారానికొక కట్టుతో పాదాన్ని 60 నుంచి 70 డిగ్రీల దాకా బయటికి తిప్పుతాం. అయిదు నుంచి ఏడు కట్లు సరిపోతాయి. కాంప్లెక్స్ పాదానికి ఇదే వరస పాటిస్తే హాని. ఐదు మెటాటార్సల్స్ వాలి ఉన్నచోట ఒక్కదాన్ని ఎత్తితే లాభం లేదు. 70 డిగ్రీల దాకా తిప్పబోతే మడమ దగ్గర తిరగాల్సింది పోయి, వేళ్ల వైపు ఎముకలు మాత్రం బయటికి విరిగినట్టు వంగుతాయి. అందుకే 30 నుంచి 40 డిగ్రీల దగ్గర ఆగాం.

ఇంకో ఉచ్చు ఉంది. ఇలాంటి పాదంలో చీలమండ బయటివైపు గుబ్బ ముందు మడమ ఎముక కొన పొడుచుకొచ్చి, అదే టాలస్ తల అనిపిస్తుంది. ముందుపాదాన్ని నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే పాదంతో పాటు కదిలేది మడమ ఎముక, కదలకుండా ఉండేది టాలస్. ఇది తేల్చుకోకుండా బొటనవేలు ఆనించకూడదు.

మొదటి రెండు కట్లతో పాదం 30 డిగ్రీలు దాటి తిరిగింది. తర్వాతి మూడింటికి పట్టు మార్చాం. రెండు చేతులతో పాదం పట్టుకుని, రెండు బొటనవేళ్లూ మెటాటార్సల్స్ తలల కింద పెట్టి, ఐదింటినీ కలిపి పైకి నెట్టడం. సహాయకుడు మోకాలు వంచి కదలకుండా పట్టుకుంటాడు. అరికాలి వంపు, పాదం వాలు రెండూ కలిసి తగ్గుతాయి.

కట్టు వేసే తీరు ఇదీ. సన్నని దూది చుట్టు, రెండు పొరలకు మించకుండా. మందం పెరిగితే కట్టు లోపల పాదం ఆడుతుంది. వేళ్ల నుంచి మోకాలి కింది దాకా మొదట వేసి, అది గట్టిపడేలోపు ఆకారం దిద్దాలి: మడమ వెనక, చీలమండ గుబ్బల చుట్టూ, టాలస్ తల మీద. వేలు ఒకేచోట నొక్కి ఉంచకుండా కదుపుతూ ఉండాలి, లేకపోతే అక్కడే పుండు పడుతుంది. తర్వాత మోకాలు వంచి తొడ పైదాకా. మామూలుగా 90 డిగ్రీలు చాలు. ఈ బిడ్డకు 110 డిగ్రీలు వంచాం, పొట్టి పాదం జారకుండా ఆపేది ఆ వంపే. వేళ్ల కింద పిండి ఉండాలి, పైన ఉండకూడదు. అయిదు వేళ్లూ మొదళ్ల దాకా కనిపించాలి. కట్టు వేస్తున్నంతసేపూ తల్లి పాలు పట్టారు. ఏడుస్తూ కాలు బిగించే బిడ్డకు మంచి కట్టు వేయడం ఎవరివల్లా కాదు.

ఇంటికి పంపేముందు ప్రతిసారీ వేళ్ల కొనలు ఎక్కడున్నాయో కట్టు మీద పెన్నుతో గీత గీశాం. వేళ్లు ఆ గీత వెనక్కి జరిగితే, తెల్లగానో నీలంగానో మారితే, నొక్కి వదిలాక గులాబి రంగు వెంటనే రాకపోతే, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి కట్టు విప్పేసి అదే రోజు రావాలి, ఎవరినీ అడగనక్కర్లేదు. విప్పడం ఎలాగో తండ్రి చేత ఆసుపత్రిలోనే చేయించాం. మామూలుగా మాత్రం కట్టు ముందురోజు రాత్రి ఇంట్లో తీయకూడదు. కొన్ని గంటల్లోనే పాదం కొంత వెనక్కి పోతుంది. రెండో విడతలో ఏ కట్టూ జారలేదు.

టెండన్ కోత

అయిదో కట్టు తర్వాత పాదం 40 డిగ్రీలు బయటికి తిరిగింది, బొటనవేలు దిగింది, అడ్డమడత లోతు తగ్గింది. మడమ మాత్రం దిగలేదు. మామూలు క్లబ్‌ఫుట్‌లో కూడా ఎక్కువమందికి ఈ దశలో మడమ వెనకున్న అకిలీస్ టెండన్‌ను కోయాలి. కాంప్లెక్స్ పాదానికి అది తప్పదనే అనుకోవాలి. కోయకుండా పాదాన్ని బలవంతంగా పైకి వంచితే మడమ అక్కడే ఉండి పాదం మధ్యలో విరిగినట్టవుతుంది, అరికాలు కిందికి ఉబ్బుతుంది.

తల్లిదండ్రులు భయపడిన పెద్ద ఆపరేషన్ ఇది కాదు. మత్తుమందు ఆ చోటుకే ఇస్తారు, అదీ తక్కువ మోతాదులో. ఎక్కువ ఎక్కిస్తే చర్మం ఉబ్బి టెండన్ చేతికి తెలియదు. మడమకు దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు పైన సన్నని కత్తి మొనతో టెండన్‌ను పూర్తిగా కోస్తాం. తెగగానే ‘టక్’మని చేతికి తెలుస్తుంది, పాదం పైకి వస్తుంది. కుట్లు అవసరం లేదు. ఈ బిడ్డకు 15 డిగ్రీలు పైకి వంగింది. ఆ స్థితిలోనే మూడు వారాల కట్టు వేశాం. ఆలోగా తెగిన ఖాళీలో టెండన్ కొత్తగా పెరిగి కలుస్తుంది. కట్టు మీద రక్తపు మరక కనిపిస్తే దాని అంచు చుట్టూ గీత గీసి, గీత దాటి పెరుగుతుందేమో చూడమన్నాం.

బూట్లు

కట్లు పాదాన్ని సరిచేస్తాయి, రాడ్డుకు బిగించిన బూట్లు దాన్ని నిలబెడతాయి. వంకర తిరగబెట్టడానికి అన్నిటికంటే పెద్ద కారణం బూట్లు మానేయడమే. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత రాత్రి నిద్రకూ పగటి కునుకుకూ, నాలుగేళ్లు నిండేదాకా. రాడ్డు పొడవు బిడ్డ భుజాల వెడల్పుకు సమానం. మామూలుగా వంకర పాదం బూటు 60 నుంచి 70 డిగ్రీలు బయటికి పెడతాం. ఈ పాదానికి 40, మంచి పాదానికి 30.

ఇక్కడే మళ్లీ చిక్కు వచ్చింది. రెండో నెలలో బిడ్డ రాత్రంతా ఏడవడం మొదలుపెట్టాడు. మడమ వెనక బొబ్బ వచ్చింది. ఇంట్లో బూట్లు రాత్రికి మాత్రమే పరిమితం చేశారు. చూసేసరికి పాదం పైకి వంగడం 15 డిగ్రీల నుంచి 5కి పడిపోయింది.

‘అలవాటు పడతాడు, వేస్తూ ఉండండి’ అని పంపేయడం తేలిక. కానీ బొబ్బ ఉందంటే మడమ బూటులో నిలవకుండా పైకీ కిందికీ రాసుకుంటోందని అర్థం. పొట్టి, బొద్దు పాదం గట్టి తోలు బూటులో జారుతోంది. మెత్తటి లోపొర, మడమ పట్టుకునే దిండు ఉన్న బూటుకు మార్చాం. దానికి ముందు రెండు వారాలు రెండు కట్లతో పోయిన వంపును తిరిగి రాబట్టాం.

బూటు తొడిగే వరసను తల్లి చేత చేయించి చూశాం. మడతల్లేని నూలు మేజోడు. ముందు వంకర పాదం, తర్వాత మంచిది. మోకాలు వంచి మడమను బూటు అడుగుకు ఆనించి, మొదట చీలమండ దగ్గరి మధ్య పట్టీ బిగించాలి. ఆవిడ ఇన్నాళ్లూ వేళ్ల దగ్గరిది ముందు బిగిస్తున్నారు. తర్వాత పిక్క పట్టుకుని మెల్లగా పైకి లాగితే మడమ లేవకూడదు. ఎర్రబడిన చోట క్రీములు రాయకూడదు, చర్మం మెత్తబడి త్వరగా చిట్లుతుంది. ఏడుపు సంగతికొస్తే, ఒక్కో కాలూ విడిగా తన్నలేకపోవడమే బిడ్డ బాధ. రాడ్డు పట్టుకుని రెండు కాళ్లూ కలిపి వంచి చాపుతూ ఆడిస్తే కొద్దిరోజుల్లో తనే నేర్చుకుంటాడు. నేర్చుకున్నాడు కూడా.

ఇప్పటి స్థితి

పద్నాలుగో నెలలో నడిచాడు. ఇప్పుడు మూడేళ్లు. మడమ పూర్తిగా నేలకు ఆనుతోంది, గొంతుకూర్చోగలడు, పరుగెత్తుతున్నాడు. కుడి పాదం ఎడమదానికంటే చిన్నది, కుడి పిక్క సన్నం. ఈ తేడా జబ్బులోనిదే, కట్ల వల్ల వచ్చింది కాదు. ఏ చికిత్సతోనూ పూర్తిగా పోదని మొదటే చెప్పి ఉంచడం మంచిది.

మూడు నెలలకోసారి చూస్తున్నాం. చూసేది ముఖ్యంగా నడకలో అడుగు ఎత్తినప్పుడు పాదం లోపలికి తిరుగుతోందా అన్నది. తిరిగితే మళ్లీ కొన్ని కట్లు వేసి, టిబియాలిస్ యాంటీరియర్ అనే కండరం టెండన్‌ను పాదం పైన మధ్యకు, మూడో క్యూనిఫామ్ ఎముకలోకి మార్చే ఆపరేషన్ ఆలోచించాలి. ఆ ఎముక తగినంత గట్టిపడాలి కాబట్టి రెండున్నరేళ్ల ముందు దాని మాట రాదు. ఈ బిడ్డకు ఇప్పటిదాకా ఆ అవసరం కనిపించలేదు.

ఈ కేసు నుంచి

కట్టు వేసేవాళ్లకు: వరసగా రెండు కట్లు జారాయంటే మూడోది వేసేముందు ఆగాలి. పాదం పొట్టిదవుతోందా, బొటనవేలు లేస్తోందా, అరికాలికి అడ్డంగా మడత వస్తోందా చూడాలి. వస్తుంటే విశ్రాంతి ఇచ్చి పద్ధతి మార్చాలి. ప్రతి కట్టు ముందూ స్కోరు రాసిపెట్టుకుంటే, మూడు వారాలుగా అంకె కదలకపోవడం అప్పుడే కంటబడుతుంది. తొమ్మిది కట్ల దాకా పోనక్కర్లేదు.

తల్లిదండ్రులకు: పుట్టినరోజు నుంచీ, కట్టు మార్చిన ప్రతిసారీ పాదాన్ని పైనుంచి, పక్కనుంచి, అరికాలి వైపు నుంచి ఫొటో తీసుకోండి. చికిత్స చేసేవారిని మొహమాటం లేకుండా అడగండి. కట్టు తొడదాకా వేస్తారా? వారానికోసారి మారుస్తారా? ఈ వారం స్కోరు ఎంత, పోయినవారం ఎంత? కట్టు జారితే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? బూట్లు ఎన్నాళ్లు వేయాలి? చివరి ప్రశ్నకు ‘నడక వచ్చేదాకా చాలు’ అన్న జవాబు వస్తే, ఈ పద్ధతిలో శిక్షణ పొందిన ఇంకొకరికి బిడ్డను చూపించండి.